కంపెనీ వాళ్ల తోటలు: సామర్లకోటలో పోయిందేమిటి, శివ్‌పూర్‌లో మిగిలిందేమిటి

క్లుప్తంగా: బ్రిటిష్ కాలంలో మన దేశంలో పెట్టిన బొటానికల్ గార్డెన్లు షికారు కోసం పుట్టినవి కావు. ఒక ఖండంలో పెరిగే మొక్క ఇంకో ఖండంలో బతుకుతుందా, బతికితే దాని మీద డబ్బొస్తుందా అని తేల్చుకోవడానికి వేసిన నారుమళ్లు అవి. ఆ తోటల ప్రభావం ఇవాళ వాటి గోడల లోపల కంటే మన పొలాల్లో, చెరువుల్లో, మొక్కల శాస్త్రీయ నామాల్లో, దూరదేశాల్లో దాచిన బొమ్మల్లో ఎక్కువగా ఉంది. వాటిని కాపాడాలన్న చర్చ మాత్రం ఎన్ని చెట్లు పడ్డాయన్న లెక్క దగ్గరే తిరుగుతోంది.

చిక్కు ఎక్కడుంది

2020 మే 20న ఆంఫన్ తుఫాను బెంగాల్‌ని తాకినప్పుడు, కోల్‌కతాకి అవతలి ఒడ్డున, హౌరా వైపు శివ్‌పూర్‌లో ఉన్న బొటానిక్ గార్డెన్‌లో వందల చెట్లు కూలిపోయాయి. 2025లో బెంగళూరు సొరంగ రోడ్డు ప్లాన్ లాల్‌బాగ్ భూమిని తాకుతుందని తెలియగానే అక్కడి జనం నిరసనకి దిగారు. రెండుసార్లూ గట్టిగా వినిపించిన మాట ‘వారసత్వం పోతోంది’ అనే. దాని వెనకే ఇంకో మాట కూడా వస్తూ ఉంటుంది: ఇవి తెల్లదొరలు తమ లాభం కోసం పెట్టుకున్న తోటలు కదా, వీటి మీద మనకెందుకంత ప్రేమ? శివ్‌పూర్ తోటకి 2009లో ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు గానీ పేరు మారినంత మాత్రాన ఆ ప్రశ్నకి జవాబు రాలేదు.

రెండు మాటలూ సగం నిజాలే. లాభం కోసం పెట్టారన్నది నిజం, అందులో దాపరికం కూడా లేదు, ఈస్టిండియా కంపెనీ ఉత్తరాల్లోనే ఉంది. వారసత్వం అన్నదీ నిజమే, కాకపోతే దేన్ని వారసత్వం అంటున్నాం అన్నది తేలాలి. అది తేలాలంటే అసలు ఈ తోటలు ఏ పని చేసేవో చూడాలి.

తోట వేరు, ఈ ‘గార్డెన్’ వేరు

కంపెనీ వచ్చేనాటికి మన దగ్గర తోటలకి కొదవేమీ లేదు. హైదరాబాద్‌లో పేటల పేర్లలోనే బాగ్‌లు కనపడతాయి. తోట అంటే నీడ, పండు, నీళ్లు, కాస్త హోదా. బయటి మొక్కల్ని తెప్పించుకోవడం కూడా కొత్తేమీ కాదు. బెంగళూరు లాల్‌బాగ్‌ని 1760లో మొదలుపెట్టింది హైదర్ అలీ. కొడుకు టిప్పు ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు, మొక్కలు తెప్పించి దాన్ని పెంచాడు. అంటే ఐరోపావాళ్లు వచ్చాకే మొక్కలు దేశాలు దాటడం మొదలైందనుకుంటే పొరపాటు.

తేడా ఎక్కడొచ్చిందంటే, కంపెనీ తోటలో ప్రతి మొక్కకీ ఒక కాగితం ఉండేది. ఎక్కడి నుంచి వచ్చింది, ఏ నెలలో పూసింది, స్థానికులు దాన్ని ఏమంటారు, దేనికి వాడతారు, బెరడు ఎంత పలుకుతుంది అని రాసుకునేవాళ్లు. ఆ కాగితం ఇంకో తోటకి వెళ్లేది, అక్కడి నుంచి లండన్‌కి, అక్కడి నుంచి వెస్టిండీస్‌కి. ఒక్కో తోట విడిగా చూస్తే తోటే, అన్నీ కలిపి చూస్తే మాత్రం తపాలా శాఖ లాంటి ఏర్పాటు. రాజుగారి బాగ్‌లో మామిడి చెట్టు రాజుగారి కోసం కాస్తుంది, కంపెనీ తోటలో అదే చెట్టు రిపోర్టు కోసం కాస్తుంది.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక లాల్‌బాగ్ కంపెనీ చేతికి వచ్చింది. కొంతకాలం బెంజమిన్ హేన్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని చూసుకున్నాడు. ఆయన అంతకు ముందు పనిచేసింది మన సామర్లకోట తోటలో. తర్వాత చేతులు మారి మారి 1856లో అది ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో అక్కడ కట్టిన గాజు భవనానికి 1889లో పునాదిరాయి పడింది. ఆ కాలంలో తోటని నడిపిన జాన్ కామెరాన్ తెచ్చిన మొక్కల్లో ఒకటి మధ్య అమెరికాకి చెందిన తీగ, దాని కాయనే మనం బెంగళూరు వంకాయ అంటున్నాం. వంకాయకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, బెంగళూరుకీ అది పరాయిదే. అయినా పప్పులో వేసుకునేటప్పుడు ఈ వంశవృక్షం ఎవరికి కావాలి గనక!

సామర్లకోట: ఆకు నుంచి నీలిమందు, బెరడు నుంచి జ్వరం మందు

సామర్లకోట అంటే ఇప్పుడు రైల్వే జంక్షన్, భీమేశ్వరాలయం. 1781లో అక్కడికి కంపెనీ సైన్యం డాక్టరుగా వచ్చిన స్కాట్లాండ్ మనిషి విలియం రాక్స్‌బర్గ్ పన్నెండేళ్లు ఉండిపోయాడు. వైద్యం కంటే మొక్కల మీదే ఆయనకి ఎక్కువ మక్కువ. రాజమండ్రి కొండల్లో అడవి మిరియం తీగ కనపడగానే, దాన్ని తోటగా వేస్తే మిరియాల కోసం మలబారు మీద ఆధారపడక్కర్లేదని కంపెనీకి రాశాడు. కంపెనీకి అసలు నొప్పి అక్కడే. జాజికాయ, లవంగం మొత్తం డచ్చివాళ్ల గుప్పిట్లో ఉండేవి, సుగంధ ద్రవ్యాల బేరమంతా వాళ్ల ధరకే. అందుకని సామర్లకోటలో మిరియంతో పాటు కాఫీ, దాల్చినచెక్క, పట్టుపురుగుల కోసం మల్బరీ, ఇలా ఏది పెరిగేలా ఉంటే అది వేసి చూశారు.

ఈ ప్రయత్నాల్లో చాలా వాటికి వ్యాపారంగా పెద్ద ఫలితం రాలేదు. గోదావరి జిల్లా మిరియానికి దేశం కాదన్నది ఇప్పుడు ఏ రైతునడిగినా చెబుతాడు. పైగా 1787 మేలో వచ్చిన తుఫాను ఉప్పెన కోరింగ తీరాన్ని ముంచేసినప్పుడు రాక్స్‌బర్గ్ అప్పటిదాకా పోగేసిన ఎండు మొక్కలు, పుస్తకాలు పోయాయి. మళ్లీ మొదటి నుంచి పోగేయడం మొదలుపెట్టాడు.

ఆ మొండి పట్టుదల వల్ల మిగిలినవి వేరే ఉన్నాయి. ఆయన ఊళ్లో వాళ్లని అడిగి మొక్కల తెలుగు పేర్లు, వాడకాలు రాసుకున్నాడు. మచిలీపట్నం అద్దకం బట్టలకి ఎర్రరంగు ఇచ్చే చిరివేరు గురించి రాశాడు. అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీయొచ్చని ప్రయోగాలు చేశాడు. ఆ నీలిమందు మార్కెట్‌లో నిలబడలేదు, అంకుడు చెట్టు మాత్రం ఇవాళ ఏటికొప్పాక లక్క బొమ్మల రూపంలో అందరికీ తెలుసు. సోమిద చెట్టు బెరడు చలిజ్వరానికి పనిచేస్తుందని ఇక్కడి జనం వాడకం చూసి, మలేరియాకి వాడే సింకోనా బెరడుకి బదులు వాడొచ్చేమోనని దాన్ని ఎడిన్‌బరో దాకా పంపించారు. సింకోనా స్థానాన్ని అది సంపాదించలేకపోయింది. కానీ ఆ చెట్టు జాతికి శాస్త్రవేత్తలు చివరికి పెట్టిన లాటిన్ పేరు ‘సోయ్మిడా’, అంటే మన సోమిదే, కొంచెం యాస మారిందంతే.

బీడీ ఆకు తునికి, జిట్రేగి, వేగిస, నారేపి చెట్ల శాస్త్రీయ నామాల చివర ఉండే ‘రాక్స్‌బ్’ అన్న తోక ఈయనదే. మన బడి గోడల పక్కన కాసే సీమచింతని మొదట శాస్త్రీయంగా వర్ణించిందీ ఆయనే. విశేషమేమిటంటే, మెక్సికోకి చెందిన ఆ చెట్టుని ఇక్కడికి తెచ్చింది మాత్రం ఆయన కాదు, రాక్స్‌బర్గ్ చూసేనాటికే అది కోరమాండల్ తీరంలో ఉంది. ఇంగ్లిషులో దాన్ని మనీలా చింత అంటారు, ఆ పేరే దారి చెబుతోంది, మెక్సికో నుంచి ఫిలిప్పీన్స్ మీదుగా. తెలుగువాళ్లు బయటి నుంచి వచ్చిన దేనికైనా ముందు ‘సీమ’ తగిలించి ఇంట్లోకి రానిస్తారు, ఈ ఒక్క మాటని పట్టుకుని వెతికినా మొక్కల వలసల చరిత్ర సగం బయటపడుతుంది.

ఇంకొకటి ఉంది, దాని గురించి తక్కువ చెప్పుకుంటారు. రాక్స్‌బర్గ్ రోజూ వాతావరణ కొలతలు రాసేవాడు. 1790ల మొదట్లో వానలు వరసగా ఎగ్గొట్టి తీరమంతా కరువు వచ్చినప్పుడు ఆ నోట్లు సాక్ష్యంగా మిగిలాయి. రెండు వందల ఏళ్ల తర్వాత ఎల్‌నినో చరిత్ర వెతికిన పరిశోధకులకి అవి పనికొచ్చాయి. మిరియం కోసం వేసిన తోట చివరికి వాన లెక్కకి పనికొచ్చింది.

శివ్‌పూర్: కరువు పేరు, మసాలా లెక్క

కలకత్తా తోట కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1786లో రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి గవర్నమెంటుకి ఒక ప్రతిపాదన పెట్టాడు, 1787లో అది మంజూరైంది. కిడ్ రాసిన కారణాల్లో ముందున్నది కరువు. 1770 కరువులో బెంగాల్ జనాభాలో మూడో వంతు పోయారన్న అంచనా అప్పటికి అందరి నోళ్లలో ఉంది. మలయా నుంచి సాగో తాటిని, పర్షియా నుంచి ఖర్జూరాన్ని తెచ్చి పెంచితే వరి పోయినా జనం బతుకుతారన్నది ఆయన వాదన. వింత మొక్కల ప్రదర్శన తనకి అక్కర్లేదని, జనానికీ వ్యాపారానికీ పనికొచ్చేవి పెంచి పంచడమే పని అని స్పష్టంగానే రాశాడు. ఓడలకి టేకు, బేరానికి సుగంధ ద్రవ్యాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి, లండన్‌లోని డైరెక్టర్లని కదిలించింది ఏదై ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

కిడ్ కోరుకున్న సాగో తాటి బెంగాల్ కరువుల్ని ఆపలేదు. జాజి, లవంగం అక్కడి చలికాలానికి తట్టుకోలేదు. సాగో అంటే మన సగ్గుబియ్యమే. ఇప్పుడు సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల మిల్లుల్లో తయారయ్యే సగ్గుబియ్యం ఆ తాటి నుంచి రావడం లేదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కర్రపెండలం దుంప నుంచి వస్తోంది. కిడ్ అనుకున్న ఆహారం మన దాకా వచ్చింది గానీ, ఇంకో ఖండం నుంచి, ఇంకో మొక్క రూపంలో.

1793లో కిడ్ చనిపోయాక సామర్లకోట నుంచి రాక్స్‌బర్గ్‌ని అక్కడికి పంపారు. ఆయన హయాంలో అది నిజంగా బొటానికల్ గార్డెన్ అయింది. వెస్టిండీస్ నుంచి మహాగని 1795లో వచ్చింది. 1814లో మిషనరీ విలియం కేరీ అచ్చువేసిన తోట జాబితాలో దాదాపు మూడున్నర వేల రకాలున్నాయి. ఆ తర్వాత వచ్చిన డేనిష్ డాక్టరు నథానియల్ వాలిక్ మూడు దశాబ్దాలు దాన్ని నడిపాడు. ఆయన సెలవులో ఉన్నప్పుడు, 1842-44 మధ్య, తాత్కాలికంగా వచ్చిన విలియం గ్రిఫిత్ శాస్త్రీయ వరుసలో మొక్కలు ఉండాలంటూ పాత చెట్లని నరికించేశాడు. 1848లో వచ్చిన బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ ఆ బోసితనం చూసి బాధపడ్డాడు. తర్వాత 1864, 1867 తుఫానులు మిగిలిన చెట్లలో చాలా భాగాన్ని పడగొట్టాయి. 1871లో పగ్గాలు చేపట్టిన జార్జ్ కింగ్ చెరువులు తవ్వించి, నేలని ఎత్తుపల్లాలు చేసి కొత్తగా తీర్చిదిద్దాడు. అంటే శివ్‌పూర్‌లో ఇవాళ కనపడే రూపం కిడ్‌ది కాదు, రాక్స్‌బర్గ్‌ది కాదు, చాలావరకు కింగ్‌ది. ‘1787 నాటి తోట’ అని టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లేవాళ్లు నిజానికి 1870ల తర్వాతి తోటలో నడుస్తున్నారు.

అక్కడి ప్రసిద్ధ మర్రి సంగతీ ఇంతే. ఆ తుఫానుల దెబ్బకి మొదటి మాను బూజు పట్టి పుచ్చిపోతే 1925లో దాన్ని తీసేశారు. చెట్టు ఊడల మీద ఇంకా విస్తరిస్తూనే ఉంది.

మొక్క సముద్రం దాటాలంటే

ఈ తోటలన్నీ ఒకదానితో ఒకటి ఎలా కలిశాయో అర్థం కావాలంటే ఓడ ప్రయాణం గురించి తెలియాలి. నెలల తరబడి ఉప్పుగాలి, మంచినీళ్ల కరువు, డెక్ మీద ఎలుకలు, వీటి మధ్య కుండీలో మొక్క బతకడం దాదాపు అదృష్టం. విత్తనాలు పంపితే చాలా రకాలు దారిలోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకునేవి. అందుకే మధ్యలో తోటలు కావాలి: ఓడ దిగిన మొక్కని కోలుకోనిచ్చి, అంటుకట్టి, పదింతలు చేసి మళ్లీ ఎక్కించడానికి. ప్రయాణికులకి సత్రాలెలాగో మొక్కలకి ఇవి అలాగ.

1830ల్లో పరిస్థితి మారింది. లండన్ డాక్టరు నథానియల్ వార్డ్ గట్టిగా మూసిన గాజుపెట్టెలో మొక్క తన తేమతో తానే బతుకుతుందని గమనించాడు. ఆకుల నుంచి ఆవిరైన నీరు గాజుకి తగిలి బొట్లుగా మళ్లీ మట్టిలోకే జారుతుంది, ఉప్పుగాలి లోపలికి రాదు, డెక్ మీద పెడితే వెలుతురు అందుతుంది. చూడ్డానికి మామూలు చేపల తొట్టిలా ఉండే ఈ పెట్టె తోటల వ్యాపారాన్ని మార్చేసింది. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి టీ మొక్కలు, విత్తనాలు తెచ్చింది ఈ పెట్టెల్లోనే, కలకత్తా మీదుగా సహారన్‌పూర్ తోటకి, అక్కడి నుంచి హిమాలయ వాలులకి.

టీ విషయంలో ఒక తమాషా ఉంది. 1820ల్లో అస్సాం నుంచి వచ్చిన ఆకుల నమూనాలు చూసి వాలిక్ ఇవి టీ కాదు, కామెల్లియా జాతి ఏదో అన్నాడు. టీ కూడా కామెల్లియానే అని తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది. మన దేశంలో టీ పెంచడానికి 1834లో వేసిన కమిటీలో ఆయన కూడా ఉన్నాడు. చైనా విత్తనాలతో కలకత్తా తోటలో వేల నారు పెంచి అస్సాంకి, కుమావూకి, దక్షిణానికి పంపారు. చివరికి అస్సాంలో బాగా నిలబడింది అక్కడి అడవిలో పుట్టిన స్థానిక టీయే.

సింకోనా కథలో ఇలాంటి తప్పే ఇంకా ఖరీదైనదిగా తేలింది. మలేరియాకి మందు క్వినైన్ ఈ చెట్టు బెరడులోనే ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి క్లెమెంట్స్ మార్కమ్ బృందం తెచ్చిన మొక్కల్ని 1860ల మొదట్లో ఊటీ దగ్గర దొడ్డబెట్ట, నడువట్టంలో నాటారు. ఊటీ తోట అసలు మొదలైంది అక్కడ చలికోసం చేరిన యూరోపియన్లకి కూరగాయలు పెంచడానికి. 1848లో వచ్చిన మెకైవర్ చేతిలో అది సింకోనా పరిశోధన కేంద్రంగా మారింది. బెరడుని పట్టీలుగా ఒలిచి, ఆ చోట నాచు కప్పితే మళ్లీ బెరడు పెరుగుతుందని, చెట్టు చావదని ఆయన చూపించాడు. పద్ధతి బాగుంది, పంట బాగుంది, ఎంచుకున్న రకంలోనే క్వినైన్ తక్కువ. బొలీవియా నుంచి మాన్యువల్ ఇంక్రా మమానీ అనే స్థానికుడు సేకరించి ఇచ్చిన మేలు విత్తనాలని చార్లెస్ లెడ్జర్ ముందు లండన్‌లో అమ్మచూపితే తీసుకోలేదు, 1865లో డచ్చివాళ్లు కొన్నారు. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచపు క్వినైన్‌లో అత్యధిక భాగం జావా నుంచే వచ్చింది. మమానీని మాత్రం ఆ విత్తనాలు ఇచ్చినందుకు అక్కడి అధికారులు జైల్లో పెట్టి కొడితే ఆ దెబ్బలకే చనిపోయాడు. ఈ చరిత్రలో విత్తనం పేరు ‘లెడ్జర్’ అని నిలిచింది.

మన దగ్గర పండిన సింకోనా వృథా ఏమీ కాలేదు. 1892 నుంచి బెంగాల్ పోస్టాఫీసుల్లో పైసాకి ఒక క్వినైన్ పొట్లం అమ్మారు. ఆ ఏర్పాటు వెనకున్నదీ జార్జ్ కింగే. దీన్ని సామాన్యుడికి మేలు అనాలా, మలేరియా ప్రాంతాల్లోకి సైన్యాన్నీ ఎస్టేట్లనీ పంపే ఏర్పాటు అనాలా అంటే, ఒకే పొట్లం రెండు పనులూ చేసింది.

మొక్కతో పాటు మనుషులు

తోటలు మొక్కల్ని కదిపితే, ఆ మొక్కలు మనుషుల్ని కదిపాయి. సింగపూర్ తోటకి 1877లో వచ్చిన రబ్బరు మొక్కలు ఇరవై రెండే. బ్రెజిల్ విత్తనాల నుంచి లండన్ క్యూ తోటలో మొలిపించి పంపినవి. 1888 నుంచి ఆ తోటని నడిపిన హెన్రీ రిడ్లీ చెట్టు చావకుండా పాలు గీసే పద్ధతి కనిపెట్టి, ప్లాంటర్ల వెంటపడి రబ్బరు వేయించాడు. ఆ ఎస్టేట్లలో పనికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తమిళులు, వాళ్లతో పాటు తెలుగువాళ్లు కూడా ఉన్నారు. మలేషియాలో ఇవాళ ఉన్న తెలుగు కుటుంబాల మూలం చాలావరకు ఆ ఎస్టేట్లే.

మారిషస్‌ది ఇంకా పాత కథ. ఫ్రెంచివాళ్ల కాలంలో పియెర్ ప్వావ్ర్ అనే అధికారి డచ్చివాళ్ల దీవుల నుంచి జాజి, లవంగం మొక్కల్ని దొంగతనంగా తెప్పించి 1770లో పాంప్లెమూస్ తోటలో నాటించాడు. ఫ్రెంచిలో ‘ప్వావ్ర్’ అంటే మిరియం, ఇంటిపేరు అలా కుదిరింది. ఆ దీవుల నుంచి లవంగం తర్వాత జాంజిబార్ దాకా పోయింది. 1782లో మారిషస్ నుంచి బయల్దేరిన ఒక ఫ్రెంచి ఓడని బ్రిటిష్ నౌకాదళం పట్టుకుంటే అందులోని మామిడి మొక్కలు జమైకాలో తేలాయి. వాటి మీదున్న అంకె చీటీ వల్ల అక్కడ ఇప్పటికీ ఒక మామిడి రకాన్ని ‘నంబర్ 11’ అంటారు. 1810లో దీవి బ్రిటిష్‌వాళ్లదైంది, చెరకు పెరిగింది, బానిసత్వం రద్దవుతుండగా 1834 నుంచి కూలీల్ని మన దేశం నుంచి ఒప్పందాల మీద తీసుకెళ్లారు. కోరింగ రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లకి అక్కడ కోరంగీలనే పేరే పడింది. రాక్స్‌బర్గ్ మొక్కల్ని ముంచేసిన కోరింగే అది.

గేటు దాటిపోయినవి

తోటల ఖాతాలో రాయాల్సిన నష్టాలు కూడా ఉన్నాయి. అడవుల్ని కమ్మేసిన లంటానా 1800ల తొలి దశకంలో కలకత్తా తోటకి పూల అందం కోసం వచ్చిందే. చెరువుల్ని, కాలవల్ని మూసేస్తున్న గుర్రపు డెక్క కూడా పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌లో అలంకారం మొక్కగానే దిగింది. సర్కారు తుమ్మకి బొటానికల్ గార్డెన్‌తో సంబంధం లేదు, దాన్ని 1870ల్లో మద్రాసు అటవీ శాఖ కడప వైపు మెట్ట నేలల్లో నాటించింది. కానీ ఆలోచన ఒకటే. పైగా ఆ చెట్టు పేరులోనే ఎవరు తెచ్చారో ఉంది, ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

అన్నిటికంటే విచిత్రమైనది నాగజెముడు కథ. మెక్సికోలో నాగజెముడు మీద బతికే ఒక పురుగు నుంచి ఎర్రరంగు వస్తుంది, దాని మీద స్పెయిన్‌కి గుత్తాధిపత్యం. దాన్ని దెబ్బకొట్టాలని మద్రాసులో కంపెనీ డాక్టరు జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో నాగజెముడు తోటే వేశాడు. 1795లో బ్రెజిల్ నుంచి ఒక ఓడ కెప్టెన్ కలకత్తాకి పురుగుల్ని తెచ్చాడు, తీరా చూస్తే అవి అసలు రకం కావు. రంగు నాసిరకం, ఆకలి మాత్రం అసాధారణం. దక్షిణాదిలో పెరిగిన ఒక రకం నాగజెముడుని అవి తినేశాయి. ఒక పురుగుతో ఒక కలుపుని అణచడం అనే పద్ధతికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటిగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఎవరూ అనుకోకుండానే.

బొమ్మ గీసిందెవరు

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల్ని జీతానికి పెట్టుకున్నాడు. వాళ్లు గీసిన బొమ్మల నుంచి ఎంచినవి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, మూడు వందల పలకలతో లండన్‌లో అచ్చయ్యాయి. వాటి మీద రాక్స్‌బర్గ్ పేరుంది, అచ్చుపని చూసిన జోసెఫ్ బ్యాంక్స్ పేరుంది, గీసిన చేతుల పేర్లు లేవు. తర్వాత మద్రాసు ప్రాంతంలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ కొంచెం నయం: తన చిత్రకారులు రంగయ్య, గోవిందుల పేర్లు అచ్చులో వేశాడు, ఒక ఆర్కిడ్ జాతికి ‘గోవిందూయియా’ అని పేరు కూడా పెట్టాడు. అది తర్వాత ఇంకో జాతిలో కలిసిపోయి వాడుకలోంచి పోయింది.

తోటల వారసత్వంలో ఎక్కువ విలువైన భాగం ఇదే అనిపిస్తుంది. చెట్టు కూలితే ఇంకోటి నాటొచ్చు, రెండు వందల ఏళ్ల కిందటి మనిషి అడవిలో ఒక ఆకుని ఏమని పిలిచాడో మళ్లీ పుట్టించలేం.

కాపాడటంలో ఉన్న ఇబ్బంది

మన వారసత్వ చట్టాలు కట్టడాల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. గోడకి వందేళ్లు నిండితే రక్షణ అడగొచ్చు. తోట అలా కాదు, పెరుగుతుంది, చస్తుంది, తుఫానుకి పడుతుంది. 1981లో ఫ్లోరెన్స్‌లో నిపుణులు రాసుకున్న పత్రం చారిత్రక తోటని సజీవ స్మారకం అంది, అంటే పాడైన మొక్కని మార్చడం కూడా సంరక్షణలో భాగమే. కింగ్ శివ్‌పూర్‌ని తిరగరాసిన తీరు చూస్తే ఆ మాటలో అర్థముంది.

యునెస్కో జాబితాలోకి బొటానికల్ గార్డెన్లుగా ఎక్కినవి ఇటలీలోని పాడువా, లండన్ క్యూ, 2015లో సింగపూర్. సింగపూర్ తన కేసుని చెట్ల వయసు మీద కట్టలేదు, ఆ తోట రబ్బరు ద్వారా ప్రాంతం మొత్తాన్ని ఎలా మార్చిందన్నదాని మీద కట్టింది. శివ్‌పూర్‌కి అంతకంటే పెద్ద కథే ఉంది: టీ ఉంది, మహాగని ఉంది, దాదాపు ఇరవై లక్షల ఎండు నమూనాలున్న జాతీయ హెర్బేరియం ఉంది, 1890లో పుట్టిన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకి పుట్టిల్లు. కానీ సందర్శకుడి కంటికి కనపడేది మర్రిచెట్టు, బెంచీలు, నీళ్లపై ఆకులు. హెర్బేరియం తలుపు వెనకాల ఏముందో చెప్పే ఏర్పాటు లేకపోతే వచ్చినవాళ్లు ఇంకో పార్కు చూసి వెళ్లినట్టే అనుకుంటారు, రోడ్డు కోసం భూమి అడిగినప్పుడు ‘పార్కులో కొంచెమే కదా’ అన్న వాదన అప్పుడు సులువవుతుంది.

ఇంకో పక్క 1992 జీవవైవిధ్య ఒప్పందం, మన 2002 చట్టం వచ్చాక లెక్క తిరగబడింది. ప్వావ్ర్‌లా, లెడ్జర్‌లా ఇప్పుడు ఎవరైనా అనుమతి లేకుండా విత్తనం పట్టుకుపోతే చట్టవిరుద్ధం, మొక్క గురించి స్థానికులకున్న పరిజ్ఞానానికి కూడా హక్కుంది. అలాంటి హక్కు అడగాలంటే ఆ పరిజ్ఞానం ఎప్పటి నుంచి ఇక్కడుందో చూపించే కాగితం కావాలి. ఆ కాగితాల్లో చాలా భాగం ఈ తోటలు రాసిపెట్టినవే కావడం చరిత్ర చేసిన చమత్కారం.

రాక్స్‌బర్గ్ బొమ్మలు, రాతలు ఇప్పుడు కొన్ని శివ్‌పూర్‌లో, కొన్ని క్యూలో ఉన్నాయి, స్కాన్ చేసినవి ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతున్నాయి. వాటిలో తెలుగు పేర్లు పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిషు స్పెల్లింగులో ఉంటాయి, బయటివాళ్లకి అవి అర్థం లేని అక్షరాలు. ‘చెరి వెల్లో’ లాంటి మాట కనపడితే, నోట్లో ఒకసారి పలికి చూసి, ఓహో చిరివేరు అని పట్టుకోగలిగేది తెలుగు వచ్చినవాళ్లే.